కమాను కూర్చునేదాకా

అనంతపురం జిల్లా వెళ్ళొచ్చామని తెలియగానే మా తెనాలిలో ఇరుగుపొరుగంతా చేతులు చాపారు, ప్రసాదం పెట్టమని. మా వైపు వాళ్ళు అంత దూరం వెళ్ళారంటే గుళ్ళూ గోపురాలూ చూడటానికే అని వాళ్ళ లెక్క. మేము వెళ్ళింది కారుకి కమాన్లు వేయించుకోవడానికి అని చెబితే ఒక్కరూ నమ్మలేదు. పక్కింటి ఆవిడైతే, "చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యండి కానీ ఇలా కథలెందుకు వదినా" అని మూతి ముడుచుకుంది. అందుకే ఇదంతా రాసి పెడుతున్నాను. నమ్మినవాళ్ళు నమ్మొచ్చు. అక్కడ జరిగిన వాటిల్లో సగం నాకే ఇంకా అర్థం కాలేదు.

ముందు కారు సంగతి చెప్పాలి. మావారికి తెనాలిలో మోటార్లకి వైండింగ్ చేసే షాపు ఉంది. చాలా ఏళ్ళ కిందట మద్రాసులో ఏదో పాత గోడౌను ఖాళీ చేస్తుంటే తుక్కు కింద పోబోతున్న అమెరికా కారొకటి ఈయన కంట పడింది. రెండే తలుపులు, బారెడు ముక్కు, ఆ ముక్కు నిండా ఇంజను. అమెరికాలో ఇలాంటి వాటిని మజిల్ కార్లంటారట, అంటే కండల కార్లు. స్టార్ట్ చేస్తే మా వీధిలో కుక్కలు ఇళ్ళలోకి పారిపోతాయి. ఇంజను ఆయనే విప్పి, ఆయనే కట్టారు. రంగు ఆయనే వేశారు. ఇక మిగిలింది వెనక కమాన్లు. లారీ వెనక చక్రాల దగ్గర ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటాయే, అవే కమాన్లు. విల్లులా వంగి ఉండాల్సిన పట్టీలు మా కారువి చదునుగా అయిపోయాయి. గుంత వచ్చినప్పుడల్లా కారు వెనక నుంచి ఎగిరి తంతుంది. ఆ తన్ను తిన్నగా మావారి నడుముకి తగులుతుంది.

గుంటూరు డాక్టరుగారు ఎక్స్‌రే లైటుకి ఎత్తి పట్టుకుని, "ఇంకా ఆ కారు ఇలాగే నడిపితే మంచాన పడతారు, ఆపైన నన్ననొద్దు" అన్నారు. సినిమా షూటింగులకి పాత కార్లు అద్దెకిచ్చే మద్రాసు ఆయన ఒకరు ఎప్పటి నుంచో ఈ కారు అడుగుతున్నారు. మావారు అన్నం మానేసి రెండు పూటలు ఆలోచించి, ఆయనకి ఫోన్ చేశారు. "చివరిసారి కమాన్లు మార్పించి చూస్తాను. అప్పుడూ తన్నిందంటే దసరా వెళ్ళాక లారీ పంపించండి, ఎక్కించేస్తాను" అన్నారు. ఫోన్ పెట్టేశాక పెరట్లోకి వెళ్ళి కారు పక్కన స్టూలేసుకుని కూర్చున్నారు. నిజం చెప్పాలంటే ఆ లారీ వస్తేనే బాగుండునని నాకుండేది. మా హాల్లో కుర్చీల మీద మనుషుల కంటే కారు సామాన్లు ఎక్కువసేపు కూర్చుంటాయి.

కమాన్ పనికి తాడిపత్రి వెళ్ళమని చెప్పింది మా వీధికి నాపరాళ్ళు తోలే లారీ డ్రైవరు. రాళ్ళు మోసే లారీలు తిరిగే ఊళ్ళో కమాన్ కట్టేవాళ్ళకి తెలియనిదేముంటుంది అన్నాడు. అందులో న్యాయం ఉందనిపించింది. బడికి సెలవులు కూడా ఇచ్చారు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. అనంతపురం అంటే నా మటుకు గోడ మీద మ్యాపులో కర్రతో చూపించే వాన పడని చోటు, అంతే.

నాలుగు రోడ్ల దగ్గర

నంద్యాల దాటాక పచ్చదనం పలచబడి, బనగానపల్లె వైపు రాళ్ళు మొదలయ్యాయి. తాడిపత్రి దగ్గరపడిందనగా ఒక నాలుగు రోడ్ల కూడలిలో దారి తెలియలేదు. సైకిలుకి గాలి కొట్టుకుంటున్న పెద్దమనిషిని మావారు అడిగారు, "ఈ రోడ్డు ఎక్కడికి పోతుందండీ?"

"యాడికి" అన్నాడాయన.

మమ్మల్నే అడుగుతున్నాడనుకుని నేను కిటికీలోంచి, "తాడిపత్రికి" అన్నాను.

"తాడిపత్రికి కాదమ్మా. యాడికి."

"అదే చెబుతున్నాను కదండీ, తాడిపత్రికి."

"తాడిపత్రికైతే అట్ల పోవాల. ఇట్ల పోతే యాడికి."

"ఎక్కడికని మమ్మల్నడిగితే మాకేం తెలుస్తుంది? మీ ఊరు, మీరు చెప్పాలి గానీ" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆయన పంపు వదిలేసి మావారి వంక జాలిగా చూశాడు. "ఏమన్నా, ఈయమ్మ ఏమంటాండాది?"

మావారు ఎదురుగా రోడ్డు పక్క రాయి చూపించారు. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో "యాడికి" అని రాసి ఉంది. అది ఊరి పేరు. అక్కడివాళ్ళ మాటలో ఎక్కడికి అన్నా అదే మాటట. ఆ ఊరివాళ్ళు ఊరికి బయల్దేరినప్పుడు ఎవరైనా పలకరిస్తే ఏమని చెప్పుకుంటారో నేను చాలా దూరం ఆలోచించాను.

తాడిపత్రి

ఊరంతా తెల్ల దుమ్ము. బండలు కోసే మిషన్లు, నున్నగా పాలిష్ పట్టే మిషన్లు, వాటిల్లోంచి పాలలా కారే రాతి నీళ్ళు. మేము నాపరాయి అనేదాన్ని వాళ్ళు బండ అంటారు. మా ఊళ్ళో బండ అంటే కొంచెం మొరటు మనిషి, లేదా సిలిండరు.

కమాన్ బాషాగారి కొలిమి లారీ స్టాండు వెనక ఉంది. బాషాగారిది భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. కారు చుట్టూ రెండు సార్లు తిరిగి, "ఇది ఏ పక్కకు పోతాది సార్? రెండు పక్కలా మొగం ఉన్నట్లుండాది" అన్నాడు. తర్వాత కింద దూరి చూసి లేచాడు.

"లోడెంత?"

"లోడేమీ లేదు. మేమిద్దరమే" అన్నారు మావారు.

"ఇద్దురు మనుసులకు కమానెందుకు సార్, మంచం సాలు." కొలిమి దగ్గర వాళ్ళంతా నవ్వారు. బాషాగారు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నాతో చెప్పండి, ఎవురికీ చెప్పను. ఏం తోల్తారు దీంట్లో?"

మావారు అమెరికా పత్రికలోంచి జెరాక్స్ తీయించుకున్న బొమ్మలు చూపించారు. కారు ఇంత కిందికి ఉండాలి, మలుపులో ఇంత కంటే ఒరగకూడదు, ముందు షాకబ్జర్లు ఇలాంటివి కావాలి అని వివరించారు. బాషాగారు ఆ కాగితం తిరగేసి కూడా చూసి తిరిగిచ్చేశాడు. "ఇది రోడ్డుండే దేశంలోది సార్. మన పని మనం సూసుకుందాం." జీపు షాకబ్జర్లు ముందు వేద్దామని, వెనక పాత పట్టీలు కొలిమిలో పెట్టి మళ్ళీ వంచి, ఇంకో రెండు కొత్త పట్టీలు కలుపుదామని తేల్చాడు. మావారు కాసేపు వాదించి ఒప్పుకున్నారు. ఒప్పుకోక చేసేదేముంది, అప్పటికే చక్రాలు ఊడదీసేశారు.

వాళ్ళు ఇనుము కాలుస్తుంటే నేను ఊళ్ళో పడ్డాను. అక్కడ పొద్దున్నే తినేది ఉగ్గాని, బజ్జీలు. మరమరాలు తడిపి పిండి, తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లుతారు. మా వైపు మరమరాలు చిరుతిండి కిందే లెక్క. ఇక్కడ వాటితో కడుపు నింపుకుని రాళ్ళు మోస్తారు. బజ్జీలతో కలిపి ప్లేటు ఐదు రూపాయలే. "ఎర్రగడ్డలు యేయల్లనా?" అని అడిగిందావిడ. అదేదో బీట్‌రూట్ లాంటిది అయ్యుంటుంది, పొద్దున్నే ఎందుకులే అని వద్దన్నాను. పక్కవాళ్ళ ప్లేట్లలో సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కలు పడుతుంటే అప్పుడు తెలిసింది. మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు.

మర్నాటికి కమాన్లు ఎక్కాయి. కారు వెనక భాగం ఇంతెత్తున లేచి ఉంది. మావారు ఊరి బయటిదాకా తోలుకెళ్ళి వెనక్కి వచ్చారు. దిగేటప్పుడు తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయారు. మొహం చూస్తే నాకు భయమేసింది.

"ఏంటయ్యా ఇది, మునుపటి కంటే ఘోరంగా తంతోందే!"

"తంతాది సార్. ఇంగా కుచ్చోలేదు గదా. కమాను కుచ్చోవాల" అన్నాడు బాషాగారు, అదేదో అందరికీ తెలిసిన విషయమన్నట్టు.

"కూర్చుందనే కదా నీ దగ్గరికి తెచ్చింది?"

"అది కుచ్చోలేదు సార్. పండుకునింది. పండుకునేది వేరే, కుచ్చునేది వేరే."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నిలబడుకోనుండాది."

మా వైపు కమాను కూర్చుందంటే పాడైపోయిందని. ఆయన లెక్కలో కూర్చోకపోతే పాడు. ఒకే ముక్క ఇనుము నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం వింటుంటే నాకు కళ్ళు తిరిగాయి. మావారు వైండింగ్ చేసే మనిషే గనక తీగా మోటారూ భాషలో ఏదో అడిగారు. బాషాగారు ఇంకేదో చెప్పాడు. ఇద్దరూ ఒకేసారి తలలూపారు గానీ వేరువేరు సంగతులకని నా అనుమానం.

ఈలోగా ఒక తోపుడు బండి మీద మూలలు విరిగిన పాలిష్ బండలొచ్చాయి. ఫ్యాక్టరీలో పారేసినవట. అవన్నీ మా డిక్కీలోకి, వెనక సీటు కిందికి చేరుతుంటే నేను అడ్డం వెళ్ళాను. "ఇవెందుకండీ?"

"కమాను కుచ్చునేదానికమ్మా. ఖాళీ బండి ఎన్నాళ్ళు తోలినా నిలబడే ఉంటాది. కళ్యాణదుర్గం దావన పోండి, ఆడ ఎర్రనేల, గరుసు రోడ్లు. గట్టిగా కొడతాది. ఆమీట విడపనకల్లు పోండి, ఆడ నల్లనేల. ఊపుతాది. ఎర్రనేల, నల్లనేల రెండూ తినాల కమాను. అందాక బండలు తియ్యగూడదు. విడపనకల్లులో దించేసి, ఖాళీగా తోలి సూడండి."

"అప్పుడూ తంతే?" అన్నారు మావారు.

బాషాగారు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "తంతే అమ్మేయండి సార్. దాని రాత అంతే" అన్నాడు. మద్రాసు ఆయన మాట మేము ఆయనతో చెప్పనే లేదు.

కళ్యాణదుర్గం దారిలో

డిక్కీ మూత పడక తాడుతో కట్టారు. బండల నున్నటి అంచులు బయటికి మెరుస్తూ కనిపిస్తున్నాయి. నా సూట్‌కేసు నా ఒళ్ళోకి వచ్చింది. అనంతపురం దాటి కళ్యాణదుర్గం రోడ్డెక్కాక రెండు వైపులా వేరుశనగ చేలు. చేలంటే చేలే గానీ ఆకు ముడుచుకుపోయి ఉంది. వానలు వరసగా మొహం చాటేసిన కాలం అది. మా ఇంటి వెనక కాలవ నిండుగా పారుతుంటే దోమలొస్తున్నాయని నేను ఏడాది పొడుగునా సణుగుతాను. ఆ చేల మధ్య నుంచి పోతుంటే అది గుర్తొచ్చి నాకు బాగా కష్టమనిపించింది.

బండల బరువుకి కారు నిదానంగా, గంభీరంగా పోతోంది. తన్నడం లేదు. "బరువుంటే తన్నదులే, ఖాళీ అయ్యాక కదా" అన్నారు మావారు నేను అడక్కుండానే. ఆ మాట అంటుండగానే ఒక ఊరి మొదట్లో ఢామ్మని టైరు పేలింది.

దిగి చూశాం. స్టెప్నీ టైరు డిక్కీ అడుగున ఉంది. దాని మీద బండలున్నాయి. ఎక్కించేటప్పుడు ఆ సంగతి మాకెవరికీ తోచలేదు. ఆయన నా వంక చూశారు, నేను ఆకాశం వంక చూశాను.

ఊరి ముందు అప్పటికే రెండు శిలాఫలకాలున్నాయి. నల్లటి పాలిష్ రాయి, మంచినీటి పథకానికి శంకుస్థాపన, పేర్లు, హోదాలు. ఒకదాని మీద ఎవరిదో చీర ఆరేసి ఉంది. ఒక మేక రెండోదానికి వీపు రుద్దుకుంటోంది. టైరు చప్పుడుకి చెట్టు నీడన ఉన్నవాళ్ళంతా వచ్చారు. ముందు వచ్చిన పెద్దాయన పేరు ఓబులేసు. కారుని చూళ్ళేదు, మమ్మల్ని చూళ్ళేదు, తిన్నగా డిక్కీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇంగొక బండ తెచ్చినారా?"

మావారు మర్యాదగా నవ్వి, ఇవి దించి టైరు తీసుకోవాలని చెప్పారు. దించాలి అన్న మాటతో వ్యవహారం చెడిపోయింది.

"దించగూడదు" అన్నాడు ఓబులేసు. "మొదటి బండ పాతినప్పుడు మా నాయనుండె. రెండోది పాతినప్పుడు నేనే దండేసినా. నీళ్ళు మాత్రం రాల్యా. మూడోది మా నేల మింద పడనీము. తీస్కపోండి."

"అయ్యో, ఇవి పాతడానికి కాదండీ. కమాను కూర్చోడానికి."

బిందె చంకనెట్టుకుని వచ్చిన ఒకావిడ ముందుకొచ్చింది. సుంకమ్మ అని పిలిచారామెను. "కుచ్చునేదానికా? కుచ్చునేదానికి మా ఊర్లో బండలు ల్యావా? అంత దూరం నుంచి ఎవురైనా బండలు మోసుకొచ్చుకోని కుచ్చుంటారా?" అంది. అందరూ మమ్మల్ని పైనుంచి కిందికి చూశారు.

"మేం కూర్చోడానికి కాదమ్మా, కారు కూర్చోడానికి" అని నేను సర్దబోయాను. దాంతో మరీ పాడైంది. కారుకి మతి పోయిందా, కారులో వచ్చినవాళ్ళకా అని ఎవరో అన్నారు. మావారు చేతులతో కమాను బొమ్మ గాల్లో గీసి, నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం చెప్పారు. నాకే అర్థం కాని సంగతి వాళ్ళకేం అర్థమవుతుంది. ఓబులేసు ఒక బండ నున్నటి మొహం మీద అరచేతితో రాస్తూ అక్షరాల కోసం వెతికాడు. ఏమీ తగల్లేదు. నన్ను పిలిచాడు.

"సదువుకున్నట్లుండావు. ఏముండాది దీని మింద, సదువు."

"ఏమీ లేదండీ."

"సరిగా సూడు తల్లీ."

ప్రతి బండా చూసి ఏమీ లేదని చెప్పాను. పేర్లు లేని పాలిష్ బండ కారులో పెట్టుకుని ఎవరు తిరుగుతారని ఆయన వాదన. ఆలోచిస్తే నాకూ నిజమే కదా అనిపించింది. ఎండ నెత్తి మాడుస్తోంది. ఊరివాళ్ళు కోపంగా లేరు, గొడవ చేయడం లేదు. మూడోసారి మోసపోకూడదని గట్టిగా అనుకున్నారు, అంతే. అందువల్ల వాళ్ళ మీద కోపం తెచ్చుకోడానికి కూడా వీల్లేకపోయింది.

చివరికి సుంకమ్మే దారి చూపించింది. "నేల మింద పడకుంటే సాలు గదా మామా? మేం నెత్తిన పెట్టుకుంటాం. ఆయప్ప టైరు తీసుకోనీ."

ఓబులేసు ఆలోచించి సరేనన్నాడు. ఆడవాళ్ళు కొంగులు చుట్టి నెత్తిన కుదుళ్ళు పెట్టుకున్నారు. మగవాళ్ళు ఒక్కొక్క బండా ఎత్తి వాళ్ళ నెత్తిన పెట్టారు. తెనాలిలో చెబితే ఎవరూ నమ్మని సంగతి ఇదే. నడి ఎండలో, మా కారు చుట్టూ, నెత్తిన పాలిష్ బండలతో అంతమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి కబుర్లు చెప్పుకున్నారు. ఒక్క బండ కూడా ఆ ఊరి మట్టికి తగల్లేదు.

మావారు జాకీ పెట్టడానికి వంగబోతే నేను పెద్ద కేక వేశాను. ఓబులేసు ఆయన్ని పక్కకి లాగేశాడు, మిగతా మగవాళ్ళు చక్రం మార్చేశారు. "సార్‌కేమైంది?" అని సుంకమ్మ నెత్తిన బండతోనే అడిగింది. నడుము సంగతి, డాక్టరు సంగతి, ఈ కమాన్లు కుదరకపోతే దసరా తర్వాత మద్రాసు లారీ వచ్చి కారు తీసుకుపోయే సంగతి మొత్తం చెప్పాను.

ఆమె అంతా విని, "నడుము బాగయ్యేదానికని నడుము ఇరగ్గొట్టుకుంటాండాడు మీ ఆయన" అంది. ఆ ప్రయాణం మొత్తంలో నాకు పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే.

బండలు ఎక్కించాక తిని పొమ్మన్నారు. సుంకమ్మ ఇంటి అరుగు మీద రాగి సంగటి, ఊరిబిండి పెట్టింది. ఊరిబిండి అంటే వేయించిన వేరుశనగ గింజలతో రోట్లో నూరిన పచ్చడి. మా గోంగూర కంటే ఘాటు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి మంచినీళ్ళు అడిగాను. నిండు చెంబు ఇచ్చింది. ట్యాంకరు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదని అంతకు ముందే వాళ్ళు అనుకోవడం విన్నాను. కొంచెం తాగి చెంబు పక్కన పెడితే, "తాగు, తాగు, కారంగా ఉండాది గదా" అని మళ్ళీ చేతికిచ్చింది. తాగాను. వచ్చేటప్పుడు నా ఒళ్ళో వేరుశనక్కాయలు పోసింది. ఆ ఏడు కాయ సన్నంగా ఉందని, అమ్మడానికి పనికిరాదు గానీ నమలడానికి బాగుంటుందని చెప్పింది.

కారు కదలబోతుంటే ఓబులేసు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. మేము దారిలో ఎక్కడైనా బండ జారవిడుస్తామేమోనని ఊరి పొలిమేర దాకా వస్తానన్నాడు. నేను వెనక బండల మీద కాళ్ళు పెట్టుకుని ముడుచుకుని కూర్చున్నాను. పొలిమేరలో దిగి, డిక్కీ చుట్టూ తిరిగి అన్నీ ఉన్నాయని చూసుకున్నాడు. తాడు బిగించాడు. కిటికీ దగ్గరికొచ్చి మావారి భుజం మీద చెయ్యేశాడు.

"నీళ్ళు తెచ్చే పని ఏదైనా ఉంటే మళ్ళ రాండి సామీ. బండ మాత్రం తేవాకండి."

విడపనకల్లు

ఉరవకొండ దాటేసరికి నేల రంగు మారిపోయింది. బాషాగారు చెప్పిన నల్లనేల ఇదే. ఎప్పుడో వాన పడ్డప్పుడు లారీ చక్రాలు దిగిన గాళ్ళు అలాగే ఎండి గట్టిపడి ఉన్నాయి. కారు ఆ గాళ్ళలో పడి ఊయల ఊగినట్టు ఊగింది. కర్ణాటక పక్కనే ఉండటం వల్ల దారిలో మాటలు కూడా సగం సగం వినిపించాయి. ఎవరు తెలుగులో మొదలుపెట్టి ఎక్కడ కన్నడంలోకి దిగుతున్నారో తెలిసేది కాదు. ఎవరు ఏం చెప్పినా నేను తలూపడం నేర్చుకున్నాను.

ఊరు ఇంకా రాకముందే ఒక కల్వర్టు ఉంది. రోడ్డు అక్కడ ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా పడిపోతుంది. బండల బరువుతో మా కారు పొట్ట దానికి రాసుకుని గర్రుమంది. మావారు కారు ఆపి, దిగి, ఆ కల్వర్టుని ముందునుంచీ వెనకనుంచీ చూసి వచ్చారు. "తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తాం కదా. ఇక్కడే తేలిపోతుంది" అన్నారు.

ఊళ్ళో ఒక చిన్న హోటలు ముందు ఆగాం. దోసెలు తిని డబ్బులు తీయబోతే, "దుడ్లు ఆమీట ఇద్దురులే, ముందు ఆ బండలేందో చెప్పండి" అన్నాడు హోటలాయన. మళ్ళీ మొదలనుకున్నాను. "పాతడానికి కాదండీ, పేర్లు కూడా లేవు, కావాలంటే చదివి చూసుకోండి" అని గబగబా చెప్పేశాను. ఆయన తెల్లమొహం వేశాడు. ఆయన భార్యకి బట్టలుతుక్కోడానికి బండ కావాలట, అమ్ముతారేమోనని అడిగాడు. ఒకటేమిటి, అన్నీ తీసుకోమన్నాం. వాళ్ళ పెరట్లో బండలన్నీ దింపేసరికి కారు వెనక భాగం మెల్లగా పైకి లేచింది. తాడిపత్రిలో లేచినంత ఎత్తు లేవలేదు. నిలబడిందో కూర్చుందో నాకు తెలియలేదు.

మావారు మాత్రం కారెక్కలేదు. హోటలు ముందు బల్ల మీద కూర్చుని టీ గ్లాసు చేతుల్లో తిప్పుతున్నారు.

"వెళ్దాం పదండి" అన్నాను.

"ఒక మాట. నడిపేది నేనే గానీ, తన్నిందో లేదో నేను చెప్పలేను. కారు ఉండిపోవాలని నాకు మరీ ఎక్కువ ఆశ. తన్నినా తన్నలేదంటాను. నా నడుము మాట నేనే నమ్మను. నువ్వు చెప్పు. నువ్వు తన్నిందంటే ఇంటికెళ్ళగానే మద్రాసుకి ఫోన్ చేస్తాను. మళ్ళీ మాట మార్చను."

నాకేం తెలుసండీ అన్నాను. నీకేమీ తెలియదనే అడుగుతున్నా అన్నారు. అది మెచ్చుకోలో వెక్కిరింతో తేల్చుకునేలోపే ఆయన లేచి కారెక్కారు. ఇన్నాళ్ళూ ఆ లారీ రావాలని కోరుకున్న మనిషిని నేను. ఇప్పుడు లారీ రావాలో వద్దో నా నోటి మీదికొచ్చేసరికి నాకు తన్నితే ఎలా అని భయం పట్టుకుంది. ఆ భయం ఎటు నుంచి వచ్చిందో కూడా తెలియలేదు.

ఊరు దాటాం. నేను తలుపు పిడి గట్టిగా పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాను. కల్వర్టు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూశాను. దూరం ఎంతో వచ్చేటప్పుడు సరిగా చూసుకోలేదు. కాసేపటికి వేళ్ళు నొప్పెట్టి పిడి వదిలేశాను. ఒళ్ళో సుంకమ్మ ఇచ్చిన కాయలుంటే ఒకటి ఒలిచాను. నిజంగానే కాయ సన్నం, గింజ తియ్యన. ఇంకోటి ఒలిచి ఆయన నోట్లో పెట్టబోతే తల అడ్డంగా ఊపారు. ఆయన మొహం బిగుసుకుపోయి ఉంది. నేనేమో కాయలు ఒలుచుకుంటూ, ఆ బండలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళకి మెడలు నొప్పెట్టలేదా, ఓబులేసు వెనక్కి అంత దూరం ఎలా నడిచి వెళ్ళాడు అని ఏదేదో మాట్లాడుతున్నాను. కొంత దూరం పోయాక కారు నెమ్మది చేశారు.

"చెప్పు" అన్నారు.

"ఏం చెప్పను?"

"కల్వర్టు సంగతి."

"ఏ కల్వర్టు?" అన్నాను.

ఆయన నా వంక చూశారు. నేను వెనక్కి తిరిగి అద్దంలోంచి చూశాను. కల్వర్టు చాలా వెనక ఉండిపోయింది. దాని మీద మేము లేపిన దుమ్ము ఇంకా సర్దుకోలేదు.

కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశారు. స్టీరింగు మీద తల వాల్చేశారు. నడుము పట్టేసిందనుకుని నేను హడలిపోయి, ఒళ్ళో కాయలన్నీ కింద పడిపోతున్నా చూసుకోకుండా, ఆయన నడుము మీద చెయ్యి వేశాను. "నొప్పా? ఏమండీ, నొప్పా?" అన్నాను. కాదని తల ఊపారు గానీ తల ఎత్తలేదు. చొక్కా చేతికి కళ్ళు తుడుచుకుంటున్నారని తర్వాత తెలిసింది.

"ఇందాక అన్నావే, అది ఇంకోసారి అను" అన్నారు.

"ఏది?"

"అదే. ఇందాక అన్నది."

నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన నడుము మీద వేసిన చెయ్యి అలాగే ఉంచాను.

"ఏ కల్వర్టు అండీ?" అన్నాను.